తూనీగ తోకలో గడ్డిపోచ

వానలు వెనకబట్టి, ఎండ మళ్ళీ చురుక్కుమనే రోజుల్లో మండపేట చుట్టుపక్కల కాలవగట్ల మీద తూనీగలు గుంపులు కడతాయి. పిల్లలు వాటి వెనక పడతారు. ఊపిరి బిగబట్టి, రెండు వేళ్ళు ముందుకు చాచి, చప్పుడు కాకుండా వెనకనించి వెళ్ళి తోక పట్టుకుంటారు. తోకకి దారం కడతారు. దారం దొరక్కపోతే సన్నటి గడ్డిపోచ గుచ్చుతారు. ఆ బరువుతో అది కిందికీ పైకీ ఎగురుతుంటే చప్పట్లు కొడతారు. చిన్నప్పుడు నేనూ చేశాను. అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకునే పెద్దావిడ ఎవరైనా చూస్తే, “వదిలెయ్యరా నాయనా దాన్ని. మాండవ్యుణ్ణి కొరత వేసింది ఇందుకే” అనేది.

ఆ మాటలో ఎంత కథ ఉందో నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. చనిపోయాక మనిషి ఎక్కడికి పోతాడు, అతని లెక్క ఎవరు చూస్తారు, లెక్క చూసేవాడు పొరపాటు చేస్తే వాడి లెక్క ఎవరు చూస్తారు అనే ప్రశ్నలన్నీ ఆ గడ్డిపోచ కొసన వేలాడుతున్నాయి. మా ఊరి పాత పేరు మాండవ్యపురమని, మాండవ్య మహర్షి తపస్సు చేసిన చోటు ఇదేనని పెద్దలు చెబుతారు. ఆ మహర్షి కథను తెలుగులో మొదట పద్యం కట్టినవాడు కూడా దూరంవాడేమీ కాడు. ఇక్కడ బస్సెక్కితే గంటలో చేరే రాజమహేంద్రవరంలో, 11వ శతాబ్దంలో, రాజరాజనరేంద్రుడు అడిగితే భారతం మొదలుపెట్టిన నన్నయ. ఆ పనిలో నన్నయకు తోడు నిలిచిన నారాయణభట్టుకు రాజు 1053లో ఇచ్చిన అగ్రహారం కోనసీమలోని నందంపూడి. ఆ శాసనం కూర్చింది కూడా నన్నయే. కాబట్టి ఇది మా గోదావరి నీళ్ళు తాగిన కథ అనుకోవడంలో అతిశయం లేదు.

ఈ వ్యాసంలో నేను చూడాలనుకున్నది భక్తిని కాదు, పనితనాన్ని. కంసాలి చేసిన గొలుసును వెలుతురుకు పెట్టి, ఏ కొక్కెం ఎక్కడ పడిందో చూసినట్టు ఈ కథను చూడాలని. దీని పక్కన ఇంకొకదాన్ని పెడితే ఇది ఇంకా బాగా కనబడుతుంది. అది గ్రీకుల హోమర్ చెప్పిన పాతాళం కథ.

ముందు మనది.

జనమేజయుడు వింటున్నాడు, వైశంపాయనుడు చెబుతున్నాడు. విదురుడు పుట్టాడన్నాడు. పుట్టినవాడు సాక్షాత్తు ధర్ముడే అన్నాడు. ధర్ముడంటే మనకు యముడు. మరి లోకంలో అందరి పాపపుణ్యాలు తూచే యముడికి భూమ్మీద దాసి కడుపున పుట్టే గతి ఎందుకు పట్టింది? ఈ ప్రశ్నకు జవాబుగా మాండవ్యుడి కథ వస్తుంది. దీన్ని విదురుడి కన్నా ముందు చెప్పి ఉంటే అది వంద ఉపాఖ్యానాల్లో ఒకటిగా పోయేది. పుట్టుక చూపించి, దాని వెనక కారణం అడిగించి, అప్పుడు విప్పడంతో వినేవాడి చెవి ముందే నిక్కబొడుచుకుని ఉంటుంది.

మాండవ్యుడు ఆశ్రమం వాకిట్లో చెట్టు కింద చేతులెత్తి నిలబడి తపస్సు చేస్తున్నాడు. మౌనవ్రతం. దొంగలు రాజు సొమ్ము ఎత్తుకొచ్చి, తరుముతున్న భటులకు భయపడి ఆ ఆశ్రమంలోనే సొమ్ముతో సహా దాక్కున్నారు. భటులొచ్చి దొంగలెటు పోయారని అడిగారు. ముని మాట్లాడలేదు. వెతికితే దొంగలూ దొరికారు, సొమ్మూ దొరికింది. వీడూ ఆ గుంపులోవాడే అనుకున్నారు. రాజు విచారించకుండానే అందరినీ కొరత వేయించాడు. దొంగలు పోయారు. ముని పోలేదు. తిండీ నీళ్ళూ లేకుండా కొర్రు మీదే తపస్సు సాగించాడు. రాత్రివేళ మునులు పక్షుల రూపంలో వచ్చి చుట్టూ చేరి, ఏం పాపం చేశావయ్యా నీకీ గతి పట్టిందని ఏడ్చారు. విషయం తెలిసి రాజు పరుగెత్తుకొచ్చి కాళ్ళ మీద పడ్డాడు. కొర్రు లాగబోతే రాలేదు. చివరికి బయటి భాగం కోసేశారు. లోపలి మొన ఒంట్లోనే ఉండిపోయింది. ఆ మొనను ‘అణి’ అంటారు. అందుకని అణిమాండవ్యుడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రాజు ఎదురుగా ఉన్నాడు, తప్పు ఒప్పుకుంటున్నాడు. మామూలు కథకుడైతే శాపం ఇక్కడే పెట్టించేవాడు. శాపం పెట్టగల ముని, పెట్టదగిన తప్పు, పెట్టించుకోదగిన రాజు మూడూ ఒకేచోట ఉన్నాయి. అయినా మాండవ్యుడు రాజును క్షమించి పంపేశాడు. కోపాన్ని అక్కడ ఖర్చు పెట్టలేదు. రాజు కింది కోర్టు. ఆయన నేరుగా పై కోర్టుకే పోయాడు. ప్రాణం ఉండగానే, ఒంట్లో మొన ఉండగానే, యముడి ముందు నిలబడి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ఏం చేశానని నాకింత శిక్ష?

యముడు చెప్పాడు. చిన్నప్పుడు పురుగుల తోకల్లో గడ్డిపోచలు గుచ్చావు, దాని ఫలం ఇది.

కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. గడ్డిపోచా, కొర్రూ ఆకారంలో ఒకటే. రెండూ సన్నగా, నిటారుగా, మొన తేలి ఉంటాయి. రెండూ వెనకనించే దిగుతాయి. యముడి న్యాయం అద్దంలో నీడలా ఉంది. నువ్వేం చేశావో అదే నీకు, కాకపోతే పెద్దది చేసి. ఆ పోలికను కవి నోరు తెరిచి చెప్పడు. గడ్డిపోచను చూపించి ఊరుకుంటాడు. దానిలో కొర్రును చూసుకోవలసింది మనమే.

మాండవ్యుడు ఆ అద్దాన్ని పగలగొట్టాడు. ఆకారం ఒకటే గానీ బరువు ఒకటేనా? చేసిన తప్పు చిన్నది, వేసిన శిక్ష పెద్దది. పైగా చేసినవాడు ధర్మమేదో అధర్మమేదో తెలియని పసివాడు. ఈ రెండు మాటల మీద ఆయన యముడికే శిక్ష వేశాడు. నువ్వు భూమ్మీద శూద్రగర్భాన పుట్టు అన్నాడు. అంతటితో ఆగలేదు. ఇకమీదట పద్నాలుగేళ్ళు నిండేదాకా పిల్లలు చేసింది పాపం కిందికి రాదని కట్టు పెట్టాడు. శాపం ఒకరికి తగిలేది. కట్టు అందరికీ వర్తించేది. పగ తీర్చుకోవడానికి వెళ్ళినవాడు చట్టం చేసి వచ్చాడు. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఏడేళ్ళలోపు పిల్లవాడి చేతను నేరంగా లెక్కపెట్టలేదు. మాండవ్యుడు దానికి రెండింతల వయసు ఇచ్చాడు. మా అరుగు మీది పెద్దావిడకు ఆ సంగతి తెలిసే ఉంటుంది. అయినా మమ్మల్ని బెదిరించడానికి కథలో సగమే చెప్పేది.

శూద్రగర్భంలో పుట్టడాన్ని శిక్షగా చెప్పడం ఈనాడు చదివితే మనసుకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ కాలపు లోకం అలా తలచిందని సర్దుకోవడం నాకు చేతకాదు. అయితే ఆ శిక్షను కవి ఎటు తిప్పాడో చూడాలి. అలా పుట్టిన విదురుడే కురుసభలో నిజం చెప్పేవాడయ్యాడు. సింహాసనాల మీద ఉన్నవాళ్ళూ, ఆచార్యులూ, పితామహులూ ద్రౌపది ముందు తలలు వంచుకున్నప్పుడు నోరు విప్పి ధర్మం చెప్పినవాళ్ళలో ఆయన ఒకడు. పుట్టుక చూసి పక్కన కూర్చోబెట్టిన మనిషిలోనే ధర్మదేవతను దాచిపెట్టడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం.

ఇప్పుడు గ్రీకు వైపు వెళదాం.

క్రీస్తుకు పూర్వం ఎనిమిదో శతాబ్దం ప్రాంతంలో హోమర్ పేరున రూపు కట్టిన కావ్యాలు రెండు. ఇలియడ్, ఒడిస్సీ. ఒక్కోటి 24 సర్గలు. ఒడిస్సీ 11వ సర్గలో ఆ కావ్యనాయకుడు ఒడిస్సియస్ ప్రాణంతోనే చచ్చినవాళ్ళ లోకం వాకిటికి పోతాడు. మన మాండవ్యుడిలాగే. కాకపోతే మాండవ్యుడు న్యాయం అడగడానికి పోయాడు, ఒడిస్సియస్ ఇంటికి దారి అడగడానికి పోయాడు. మాండవ్యుడి ఒంట్లో కొర్రు మొన ఉంది. ఒడిస్సియస్ చేతిలో దూసిన కత్తి ఉంది.

కత్తి ఎందుకంటే, చచ్చినవాళ్ళకు దాహం. లోకం అంచున, ఎండ పొడ సోకని చోట అతను మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గొయ్యి తవ్వుతాడు. అందులో పాలు కలిపిన తేనె, తర్వాత తియ్యటి మద్యం, తర్వాత నీళ్ళు పోస్తాడు. పైన బార్లీ పిండి చల్లుతాడు. మనం చేసే తర్పణం, పిండప్రదానం ఎరిగినవాళ్ళకు ఈ వరస చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. నువ్వులు లేవు, దర్భలు లేవు, కానీ పోయినవాళ్ళకు బతికున్నవాడు నీళ్ళూ పిండీ పెట్టాలన్న తలపు అదే. ఆ తర్వాత మాత్రం దారులు వేరవుతాయి. అతను గొర్రెలను కోసి నెత్తురు గోతిలోకి పారించాడు. ఆ నెత్తురు వాసనకు ప్రేతాలు గుంపులు గుంపులుగా వచ్చాయి. పెళ్ళికాని పిల్లలు, ముసలివాళ్ళు, యుద్ధంలో పోయి ఇంకా గాయాలతో ఉన్నవాళ్ళు. నెత్తురు తాగితేనే వాళ్ళకు మాట్లాడే శక్తి వస్తుంది. భవిష్యత్తు చెప్పగల టైరీషియస్ రాకముందే ఎవరూ తాగకుండా ఒడిస్సియస్ కత్తి పట్టుకుని గోతి దగ్గర కాపలా కూర్చున్నాడు.

గ్రీకు వీరకావ్యంలో చావంటే ఏమిటో చెప్పడానికి ఈ బొమ్మ ఒక్కటి చాలు. ఒంట్లోంచి ప్రాణం నీడలా జారిపోతుంది. ఆ నీడకు రూపం ఉంటుంది, బలం ఉండదు. పాపం చేసినవాడికి ఒకచోటు, పుణ్యం చేసినవాడికి ఇంకొకచోటు అన్న విభజన హోమర్‌లో దాదాపు లేదు. అకిలీస్ వంటి మహావీరుడూ, కప్పు మీంచి పడి చచ్చిన నావికుడూ ఒకే చీకట్లో తిరుగుతుంటారు. టాంటలస్, సిసిఫస్, టిటియోస్ అనే ముగ్గురు మాత్రం శిక్ష అనుభవిస్తూ కనబడతారు. వాళ్ళు దేవతలతో పెట్టుకున్నవాళ్ళు. మినోస్ అనే రాజు బంగారు దండం పట్టుకుని తీర్పులు చెబుతూ కూర్చుంటాడు. అక్కడ అతను తీర్చేది చచ్చినవాళ్ళ మధ్య తగాదాలు. వాళ్ళ బతుకుల లెక్కలు కావు. ఒడిస్సీలోనే మరోచోట మెనెలాస్ అనే రాజుకు ఎలీషియం అనే సుఖభూమి రాసి ఉందని వస్తుంది. అదీ అతని పుణ్యం వల్ల కాదు, జ్యూస్ దేవుడికి అల్లుడవడం వల్ల.

మొదట వచ్చిన ప్రేతం ఎల్పెనార్. కుర్రవాడు. తాగి మేడ కప్పు మీద పడుకుని, పొద్దున్నే తోటివాళ్ళ అలికిడికి ఉలిక్కిపడి లేచి, నిచ్చెన సంగతి మరచిపోయి కిందపడి మెడ విరిగి పోయాడు. తొందరలో అతని శవాన్ని వదిలేసి వచ్చారు. అతను అడిగేది ఒకటే. నా ఆయుధాలతో పాటు నన్ను కాల్చండి, సముద్రపు ఒడ్డున మట్టిదిబ్బ వేసి, నేను తోటివాళ్ళతో కలిసి వేసిన తెడ్డును దాని మీద పాతండి. వీరుల కావ్యంలో ఏ ఘనతా లేని ఒక కుర్రవాడికి హోమర్ ఇచ్చిన సమాధి అది. ఒక తెడ్డు. నెత్తురు తాగకుండానే అతను మాట్లాడగలగడం కూడా గమనించాలి. దహనం కాలేదు కాబట్టి అతనింకా అటూ కాడు, ఇటూ కాడు. ఇలియడ్‌లో పాట్రోక్లస్ కూడా నిద్రపోతున్న అకిలీస్ కలలోకి వచ్చి ఇదే అడిగాడు. త్వరగా దహనం చెయ్యి, లేకపోతే తక్కిన ప్రేతాలు నన్ను తమలో కలవనివ్వడం లేదని. అకిలీస్ చేతులు చాచాడు. నేస్తం పొగలా నేలలోకి జారిపోయాడు.

చేతులు చాచడం, చేతుల్లోకి ఏమీ రాకపోవడం. హోమర్ ఈ అభినయాన్ని ఒడిస్సీలో తల్లి దగ్గర మళ్ళీ వాడాడు. ఒడిస్సియస్ ఇల్లు వదిలినప్పుడు తల్లి ఆంటిక్లియా బతికే ఉంది. ప్రేతాల గుంపులో ఆమెను చూసేదాకా చనిపోయిందని అతనికి తెలియదు. చూశాక కూడా టైరీషియస్‌తో మాట అయ్యేదాకా ఆమెను నెత్తురు ముట్టనివ్వకుండా కత్తితో ఆపాడు. కన్నతల్లిని! ఆ తర్వాత ఆమె తాగి, కొడుకును గుర్తుపట్టి, జబ్బుతో కాదు, నీ మీది బెంగతోనే పోయానని చెప్పింది. అతను మూడుసార్లు కౌగిలించుకోబోయాడు. మూడుసార్లూ ఆమె నీడలా, కలలా జారిపోయింది. ఎందుకిలా అని ఏడిస్తే ఆమె ఓపిగ్గా వివరించింది. చచ్చినవాళ్ళందరికీ ఇంతే నాయనా, మాంసాన్నీ ఎముకల్నీ పట్టి ఉంచే నరాలు ఉండవు, మంట వాటిని తినేస్తుంది అని. చనిపోయాక కూడా తల్లి కొడుక్కి పాఠం చెప్పడం, అదీ తన చావు గురించే చెప్పడం, ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పట్టేస్తుంది.

అకిలీస్ కూడా వస్తాడు. చచ్చినవాళ్ళకు నువ్వే రాజువి కదా అని ఒడిస్సియస్ ఓదార్చబోతే, ప్రేతాలందరికీ రాజుగా ఉండటం కంటే భూమ్మీద సెంటు పొలం లేనివాడి దగ్గర కూలికి ఉండటమే నయమంటాడు. కీర్తి కోసం ఆయుష్షును కాదనుకున్నవాడి నోట వచ్చిన మాట అది. ఆ మాటతో ఇలియడ్ అంతా కొత్తగా తిరిగి చదువుకోవాలనిపిస్తుంది. కానీ హోమర్ ఆ నిస్పృహ దగ్గర ఆపలేదు. కొడుకు యుద్ధంలో ఎలా రాణించాడో వినగానే అకిలీస్ మారు మాట్లాడకుండా పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్ళిపోతాడు. ఆ నడకలోనే సంతోషం ఉంది. ఇక అజాక్స్. అకిలీస్ కవచం పంపకంలో ఒడిస్సియస్ చేతిలో ఓడి ప్రాణం తీసుకున్నవాడు. ఒడిస్సియస్ ఎంత బతిమాలినా పలకడు. వెనుదిరిగి చీకట్లో కలిసిపోతాడు. కావ్యంలో అంతకన్నా బిగ్గరగా వినిపించే మాట లేదు. మాండవ్యుడి మౌనం ప్రాణం మీదికి తెచ్చుకున్న మౌనం, అజాక్స్‌ది ప్రాణం పోయాక కూడా వదలని మౌనం.

హోమర్ పాతాళం ఇంత. అక్కడ లెక్క లేదు, జ్ఞాపకం ఉంది. దాహం ఉంది. పగ కూడా మిగిలే ఉంది.

మన భారతంలో చచ్చినవాళ్ళు మళ్ళీ కనబడే ఘట్టం ఒకటుంది. ఆశ్రమవాస పర్వంలోని పుత్రదర్శనం. తెలుగులో అది తిక్కన చేతి పని. 13వ శతాబ్దంలో నెల్లూరులో, విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు ఒంటిచేత్తో పూర్తిచేసిన మనిషి. ఒడిస్సీ 11వ సర్గ పక్కన పెట్టి చదవదగినది ప్రపంచంలో ఏదైనా ఉంటే నా లెక్కలో ఇదే.

యుద్ధం ముగిసి పదహారేళ్ళు గడిచాయి. ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి అడవిలో ఉన్నారు. పాండవులు చూడటానికి వచ్చారు. వ్యాసుడు వచ్చి ఏం కావాలో అడగమన్నాడు. గాంధారి, తన భర్త ఇన్నేళ్ళుగా కొడుకుల కోసం నిట్టూరుస్తూ నిద్ర లేకుండా ఉన్నాడని చెప్పింది. కుంతి కర్ణుణ్ణి అడిగింది. ఆ అడగడం వెనక ఇంకో ఘట్టం ఉంది. యుద్ధమయ్యాక గంగ ఒడ్డున చనిపోయినవాళ్ళకు నీళ్ళు వదులుతున్నప్పుడు, కర్ణుడికీ వదలండి, అతను మీ అన్న అని కుంతి బయటపెట్టింది. బతికినన్నాళ్ళూ దాచిన రహస్యం తర్పణం దగ్గర దాగలేదు. ఎందుకంటే తర్పణానికి పేరూ వరసా చెప్పాలి. పేరు చెప్పకుండా నీళ్ళు వదలడం కుదరదు. స్త్రీపర్వం కొసన ఆ నియమాన్నే కథకు మలుపుగా వాడుకున్న నేర్పు చూడండి. రోజూ మన గోదావరి రేవుల్లో పురోహితుడు గోత్రం అడిగినప్పుడల్లా నాకు కుంతి గుర్తొస్తుంది.

పొద్దు గుంకాక అందరూ గంగ ఒడ్డున కూర్చున్నారు. వ్యాసుడు నీళ్ళలో దిగి పిలిచాడు. నదిలోంచి యుద్ధభూమిలో వినబడేంత హోరు లేచింది. భీష్మద్రోణులు ముందుగా, కౌరవులు, కర్ణుడు, అభిమన్యుడు, ద్రౌపది కొడుకులు, ఘటోత్కచుడు, బతికున్నప్పటి వేషాలతో, ధ్వజాలతో, వాహనాలతో నీళ్ళలోంచి బయటికొచ్చారు. గొయ్యి లేదు, నెత్తురు లేదు, కత్తి కాపలా లేదు. ధృతరాష్ట్రుడికి ఆ రాత్రికి చూపు వచ్చింది. పుట్టిన కొడుకులను పోయాక చూశాడు.

హోమర్‌కూ దీనికీ తేడా కౌగిలిలో ఉంది. ఒడిస్సియస్ చేతుల్లో తల్లి నిలవలేదు. ఇక్కడ తండ్రులు కొడుకులను, భార్యలు భర్తలను హత్తుకున్నారు. పాండవులు కర్ణుణ్ణి అన్నగా కలిశారు. పగలు లేవు, కోపాలు లేవు. అజాక్స్ ముఖం తిప్పుకుపోయిన చోట కర్ణుడు ఎదురొచ్చాడు. కానీ ఇది తియ్యటి ముగింపు కాదు. ఒక్క రాత్రే. తెల్లవారగానే వచ్చినవాళ్ళు వచ్చినట్టే నీళ్ళలోకి దిగిపోయారు. భర్తలతో వెళ్ళదలచిన భార్యలు వాళ్ళ వెంట గంగలో దిగారు. హోమర్ దుఃఖం చేతికి అందకపోవడంలో ఉంది. వ్యాసుడి దుఃఖం చేతికి అందాక వదిలిపెట్టవలసి రావడంలో ఉంది. రెంటిలో ఏది ఎక్కువ కోస్తుందంటే నేను రెండోదే అంటాను.

ఈ రాత్రికి కాస్త ముందు జరిగిన సంగతి దగ్గరికి రావాలి. మాండవ్యుడి దారం మళ్ళీ చేతికి చిక్కేది అక్కడే. ధర్మరాజు అడవిలో విదురుణ్ణి వెతుక్కుంటూ పోయాడు. ఎముకల గూడుగా, దుమ్ము కొట్టుకుని ఉన్న మనిషి చెట్టుకు ఆనుకుని నిలబడి కనబడ్డాడు. నేను యుధిష్ఠిరుణ్ణి అన్నాడు ధర్మరాజు. విదురుడు రెప్ప వేయకుండా చూశాడు. చూపులో చూపు, ఊపిరిలో ఊపిరి, అంగంలో అంగం కలిపి అతనిలోకి వెళ్ళిపోయాడు. దేహం చెట్టుకు ఆనుకుని అలాగే ఉండిపోయింది. దహనం చేద్దామనుకుంటే వద్దని అశరీరవాణి పలికింది. గ్రీకుల దగ్గర దహనం కోసం బతిమాలే ప్రేతాలను చూశాం. ఇక్కడ దహనమే అక్కర్లేని దేహం ఉంది. తర్వాత వ్యాసుడు వచ్చి అసలు మాట చెప్పాడు. మాండవ్యుడి శాపం వల్ల ధర్ముడే విదురుడిగా పుట్టాడని. మొదటి పర్వంలో వేసిన ముడిని పదిహేనో పర్వంలో విప్పి చూపించాడు. యముడు విదురుడు, యముడి కొడుకు ధర్మరాజు. ఒకరిలో ఒకరు కలిశారు. శిక్ష పూర్తయింది.

ఈ దారం మధ్యలో ఎక్కడా తెగలేదన్నది నాకు ఆశ్చర్యం. అరణ్యపర్వం సగంలో నన్నయ ఆగిపోయాడు. మిగిలింది 14వ శతాబ్దంలో, ప్రోలయ వేమారెడ్డి కాలంలో ఎఱ్ఱన పూర్తిచేశాడు. ఆ మిగిలిన భాగంలోనే యముడి వెంట నడిచి భర్త ప్రాణం తిరిగి తెచ్చుకున్న సావిత్రి ఉంది. కొలను ఒడ్డున యక్షుడి వేషంలో కొడుకును ప్రశ్నలతో పరీక్షించిన ధర్ముడూ ఉన్నాడు. చివర మహాప్రస్థానంలో కుక్కగా వెంట నడిచిందీ ఆ ధర్ముడే. అంటే మాండవ్యుడు నన్నయకు, సావిత్రీ యక్షుడూ ఎఱ్ఱనకు, విదురుడి మరణమూ కుక్కా తిక్కనకు వచ్చాయి. మూడు ఊళ్ళు, మూడు శతాబ్దాలు, మూడు గొంతులు. కథ పథకం వ్యాసుడిదే, కాదనను. కానీ మూడు చేతులు మారిన దారాన్ని తెలుగులో అతుకు కనబడకుండా నేసిన గొప్ప మాత్రం కవిత్రయానిది.

ఆఖరి పరీక్ష స్వర్గారోహణ పర్వంలో వస్తుంది. ధర్మరాజు స్వర్గానికి పోతే అక్కడ దుర్యోధనుడు వెలిగిపోతూ కూర్చుని ఉన్నాడు. తమ్ముళ్ళు లేరు. వాళ్ళ దగ్గరికి తీసుకుపొమ్మంటే దేవదూత చీకటి దారిన నడిపించాడు. బురద, దుర్గంధం, కుళ్ళిన శవాలు. భరించలేక వెనక్కి తిరిగాడు. అప్పుడు చీకట్లోంచి గొంతులు వినబడ్డాయి. వెళ్ళకు, నీ ఒంటి మీంచి వచ్చే గాలి మాకు కాస్త ఊరటగా ఉందని. ఎవరు మీరంటే, కర్ణుణ్ణి, భీముణ్ణి, అర్జునుణ్ణి, ద్రౌపదిని అన్నాయి ఆ గొంతులు. ముఖాలు కనబడవు. వినబడటమే. చీకట్లో ఒక్కొక్క పేరు పలికించడం ఎంత నేర్పో చెప్పలేను. హోమర్ ప్రేతాలు బతికున్నవాడి దగ్గర నెత్తురు కోరాయి. వీళ్ళు అతని మీంచి వీచే గాలి చాలన్నారు.

ధర్మరాజు దేవదూతను పొమ్మన్నాడు. నేనిక్కడే ఉంటానన్నాడు. ఆ మాట అన్నాక గానీ ఆ చీకటి విడిపోలేదు. అశ్వత్థామ విషయంలో ద్రోణుడితో ఆడిన కపటానికి ఆ కాసేపు నరకం చూడవలసి వచ్చిందని చెప్పారు. ధర్మానికి కొడుకైనా, ధర్మమే పేరైనా, లెక్క లెక్కే. కానీ ఎంత తప్పుకు ఎంత శిక్ష? ఒక్క అబద్ధానికి ఒక్క ముహూర్తం. గడ్డిపోచకు కొర్రు వేసిన యముడు తన కొడుకు దగ్గరికి వచ్చేసరికి తూకం నేర్చుకున్నాడని నాకనిపిస్తుంది. నేర్పింది మా ఊరి మహర్షి. ఇది నా చదువు. పండితులు ఒప్పుకోకపోవచ్చు, నేను మాత్రం ఇలాగే చదువుతాను.

ఇంత చెప్పింది మీరు ఆ మూలాలు తెరుస్తారన్న ఆశతోనే. పద్యమంటే భయపడవద్దు. తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన కవిత్రయ భారతంలో పద్యం కింద తాత్పర్యం కూడా ఉంది. ఆదిపర్వంలో విదురుడి పుట్టుక దగ్గర మాండవ్యుడి కథ చదవడానికి పావుగంట చాలు. చదివి పిల్లలకు కథ పూర్తిగా చెప్పండి, పద్నాలుగేళ్ళ మాటతో సహా. ఆ తర్వాత నేరుగా చివరికి వెళ్ళండి. తిక్కన ఆశ్రమవాస పర్వం రెండు ఆశ్వాసాలే. మౌసల, మహాప్రస్థానిక, స్వర్గారోహణ పర్వాలు ఒక్కొక్కటి ఒక్క ఆశ్వాసం.